సతీశ్ విమానం దిగిన విధం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇకమీదట కన్నీళ్లు అనేవి కనబడవని గల్ఫ్ బాధితుల పునరాగమన సమితి చైర్మన్ పరశురాములు గారు ప్రకటించారు. ప్రకటన కోరుట్లలో మా ఫ్లెక్సీ షాపు మీది అంతస్తులో జరిగింది. భర్తలు గల్ఫ్‌లో ఇరుక్కున్నవాళ్లు, సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి ఇంట్లో కూర్చున్నవాళ్లు, మొత్తం ముప్పై మంది ఆడవాళ్లకు ఉచిత శిక్షణ. కోర్సు పేరు 'డిజిటల్ ఇమేజ్ ఎడిటింగ్ అండ్ విజువల్ డిజైన్ బేసిక్స్'. ఆ పేరును చైర్మన్ గారు మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి 'గా కోర్సు' అన్నారు. పెద్దవాళ్లు దేన్నయినా క్లుప్తంగా చెబుతారు.

నేర్పేవాణ్ణి నేనే. పదహారేళ్లుగా ఫ్లెక్సీలు కొడుతున్నాను. ఈ చుట్టుపక్కల నా చేతిమీదుగా తెల్లబడని నాయకుడు లేడు.

మొదటి పాఠం విజువల్ హైరార్కీ. అంటే, చూసేవాడి కన్ను ముందు దేనిమీద పడాలన్నది. పుస్తకాల్లో చాలా రాశారు గానీ మన దగ్గర శాస్త్రం సులువు. పై వరసలో చిన్న గుండ్రాల్లో హైదరాబాద్ నాయకులు, నడుమ నిలువెత్తున ఫ్లెక్సీ కొట్టించినాయన, కింద తపాలా బిళ్లల్లా కార్యకర్తలు.

"మరి ఎవలి కోసమని పెడుతున్రో వాళ్లు ఏడుంటరు సార్?" అని అడిగింది సిరిసిల్ల నర్సక్క. ఇరవై ఏళ్లు సాంచెల దగ్గర నూలు కండెలు చుట్టిన మనిషి, నోరు ఊరుకోదు.

జాగా మిగిలితే పెడతామని చెప్పాను.

క్లాసులో అందరికన్నా చురుకైనది బీర్పూర్ స్వరూప. మౌస్ పట్టిన నాలుగో రోజుకే, ఒక్క వెంట్రుక పోకుండా ఫొటోలోంచి మనిషిని కత్తిరించడం నేర్చుకుంది. ప్రాక్టీసు అంతా భర్త సతీశ్ ఫొటో మీదే. మస్కట్‌లో కంపెనీ మూతబడి అతను ఏడు నెలలుగా కార్మికుల క్యాంపులో పడి ఉన్నాడు. అతను వెళ్లాక పుట్టిన కూతురికి మూడేళ్లు. కాగితాలన్నీ అయ్యాయి, విమానం టికెట్ ఒక్కటే తక్కువ. సమితి టికెట్లిచ్చి తెప్పిస్తానన్న పన్నెండు మంది జాబితాలో అతనిది మూడో పేరు. రోజూ సమితి వాళ్ల కళ్లముందు ఉంటే ఆ పేరు మరిచిపోరని ఆమె ఆశ.

పదో రోజు చైర్మన్ గారు మహా ఊపుగా వచ్చారు.

"రేపు ప్రెస్‌మీట్ వెట్టిన. మొదటి కార్మికుడు విమానం దిగిండని చెప్పాలె."

"ఎవలు దిగిన్రు సార్?" అన్నాను.

"గదే, నువ్వే దింపాలె."

టికెట్లు ప్రాసెస్‌లో ఉన్నాయట. ప్రాసెస్ కోసం వార్తను ఆపడం ఆయన స్వభావంలో లేదు. ఫోన్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఫొటో ఒకటి చూపించారు. ఎవరో పెద్ద నాయకుడికి స్వాగతం చెప్పడానికి వెళ్తే, ఆయన ఇంకో గేటు నుంచి వెళ్లిపోయాడట. చైర్మన్ గారి చేతుల్లో దండ అలాగే ఉంది, ఎదురుగా జాగా ఖాళీగా ఉంది.

"మన సతీశ్‌ను నిలవెడుదం" అన్నారు.

స్వరూప లేచి నిలబడింది. "సారూ, మా ఆయన ఇంక రానేలేదు గద?"

"అస్తడు చెల్లె. ముందుగాల ఫొటో అస్తది, ఎనుక మనిషస్తడు. పేపర్ల వడ్డంక ఎవ్వడాపుతడు?"

ఆమె మళ్లీ కూర్చొని మౌస్ అందుకుంది. నేను ఎయిర్‌పోర్టు ఫొటోను ఆమె కంప్యూటర్లో వేశాను.

క్యాంపు గోడ ముందు నిలబడ్డ సతీశ్‌ను కత్తిరించి దండ ముందు నిలబెట్టింది. లోపలికి పోయిన బుగ్గలను కాస్త నింపింది. బ్రైట్‌నెస్ పెంచింది. నర్సక్క వెనకనుంచి తొంగిచూసి, "ఓ పిల్లా, నీ మొగనికి నీడేదే? నీడ లేంది దయ్యాలకే" అన్నది. స్వరూప దడుచుకుంది. గబగబా నీడ వేసింది. ఆ భయంలో రెండు వేసింది. ఎయిర్‌పోర్టులో లైట్లు ఎక్కువే కదా అని నేను మార్కులు తగ్గించలేదు.

ప్రెస్‌మీట్ అయిన తెల్లారి జిల్లా పేజీల్లో సతీశ్ విమానం దిగాడు. బీర్పూర్‌లో చుట్టాలు కోడిని పట్టుకొని వచ్చారు. అత్త కనకవ్వ దిష్టి నీళ్లు కలుపుకొని పొద్దుగూకేదాకా గడపలో కూర్చుంది. స్వరూప ఎంత చెప్పినా వినలేదు. "పేపర్లకు అచ్చినోడు ఇంటికి రాడా?" అన్నది.

వారం దాటిన రెండో రోజు, ఎవరూ ఊహించనిది, టికెట్లు నిజంగానే వచ్చాయి. పదకొండు. స్వరూప సమితి ఆఫీసుకు ఉరికి జాబితా చూస్తే మూడో పేరు మీద గీత ఉంది, పక్కన 'చేరుకున్నారు' అని రాసి ఉంది.

"సారూ, గది నేను చేసిన ఫొటో! మీరు చెప్తెనే చేసిన!" అని చైర్మన్ గారి ముందు ఏడ్చింది. నేనూ సాక్ష్యం చెప్పాల్సినవాణ్ణే, కానీ నేను ఆ ఆఫీసులో కుర్చీ అంచున కూర్చున్న మనిషిని.

చైర్మన్ గారు ఏమాత్రం తొణకలేదు. "అబద్ధం అచ్చువడ్డదని అందమా చెల్లె? రేపో మాపో దిగే పదకొండు మందిని ఎవడన్న నమ్ముతడా? ఇగో, గిట్ల చేద్దం. సతీశ్ అచ్చిండు. ఇంట్ల ఉన్నడు. మల్ల పోయిండు. ఇప్పుడేడున్నడు? మస్కట్‌ల. ఇందుల తప్పేమున్నది? కొత్త దరఖాస్తు వెట్టు, రెండో విడతల చూద్దం. పోయినట్టు ఒక ఫొటో జతచెయ్యి."

ఆ రోజు పాఠం ఎలాగూ ఫ్లిప్ హారిజాంటల్. ఒక్క నొక్కుతో ఇటు తిరిగినవాడు అటు తిరుగుతాడు. దండ తీసేసి సూట్‌కేసు పెడితే చాలు. స్వరూప మౌస్ పట్టుకొని అలాగే కూర్చుంది.

"నా చేతులతోని ఆయనను పంపియ్య సార్."

"పంపకుంటె మల్ల ఎట్ల తెప్పిస్తరు బిడ్డా?" అన్నాను. ఇంత తెలివైన మాట నా నోట ఎలా వచ్చిందో, అంతా చైర్మన్ గారి సావాసం. ఆమె కళ్లు తుడుచుకొని నొక్కింది.

మూడో రోజు క్లాసులో ఉండగా మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె పాత ఫోన్‌లో స్పీకర్ పెడితేనే మాట వినబడుతుంది. రెండు ఫొటోలూ వాట్సప్‌లో క్యాంపుకు చేరాయట.

"తోటోళ్లు పదకొండు మంది రాత్రి విమానమెక్కిన్రు" అన్నాడు సతీశ్. గొంతు మామూలుగానే ఉంది. "అచ్చుడుకు, పోవుడుకు నడుమ నేను ఇంట్ల ఎన్ని దినాలున్న స్వరూపా?"

స్వరూప వేళ్ల మీద లెక్కపెట్టింది. "తొమ్మిది" అన్నది.

సతీశ్ ఇంకో మాట అడిగాడు.

"బిడ్డ నన్ను గుర్తువట్టిందా?"

స్వరూప లేచింది. ఫోన్ తెచ్చి నా ముందు, నా బల్ల మీద పెట్టింది.