కండక్టరు సీటు మీద గులాబీ దస్తీ

ఆగండి, ఎక్కడికా తొందర? మీ బస్సు కదలడానికి ఇంకా టైముంది. ఈ దస్తీల సంగతి, అదే చేతిరుమాళ్ల సంగతి, విన్నాకే పొండి. లేకపోతే ఇకమీదట ఏ బస్సెక్కినా, ఏ సీటు చూసినా, నవ్వాల్సిన చోట నవ్వకుండా దిగిపోతారు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది అది. రెండు నెలలు షెడ్డులో పడుకున్న బస్సులు ఒక్కొక్కటే ఒళ్లు విరుచుకుని బయటికి వస్తున్నాయి. ఉట్నూర్ దారిలో పాటిగుట్ట అనే చిన్న ఊళ్లో ఒక డిపో ఉంది. అక్కడి నుంచి జిల్లేడుగూడకు రోజుకు ఒకే బస్సు, పొద్దున ఏడూ పదికి. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, మధ్యలో పదకొండు ఊళ్లు, అన్నిటికీ ఆ బస్సే దిక్కు. దానికి డ్రైవరు పర్శరాములు, కండక్టరు నర్మద. తొమ్మిదేళ్లుగా ఇద్దరిదీ అదే దారి.

సోమవారం పొద్దున డిపో మేనేజరు విద్యాధర్ ఇద్దరినీ గేటు దగ్గర నిలబెట్టి, పైనుంచి వచ్చిన కాగితం చదివాడు. సీటు విడిచి సీటులో కూర్చోబెట్టాలి. అంటే యాభై రెండు సీట్ల బస్సులో ఇరవై ఆరుగురే. వెనక తలుపు నుంచి ఎక్కాలి, ముందు తలుపు నుంచి దిగాలి, ఎక్కేవాళ్ల చేతుల్లో శానిటైజర్ పోయాలి. మూతికి గుడ్డ లేనివాళ్లను ఎక్కించకూడదు. ఒక్కరు కూడా నిలబడకూడదు. వారం రోజులు ఇలా నడిపాక శనివారం ప్రమోదిని అనే పెద్దాఫీసరు వచ్చి చూస్తుంది. ఏ ఒక్కటి తప్పినా ట్రిప్పు రద్దు. రద్దయితే డ్రైవరుకు షెడ్డులో పని దొరుకుతుంది కానీ, కండక్టరును మాత్రం గోదావరి దాటించి మంథని దిక్కు వేస్తారు.

నర్మద భర్త లక్ష్మణ్ దుబాయిలో ఉన్నాడు. ఇంట్లో ఐదో తరగతి చదివే కూతురు రచన, కళ్లు సరిగా కనబడని అత్త. వాళ్లిద్దరినీ వదిలి మంథని దిక్కు ఎట్లా పోతుంది? అందుకే ఆమె ఆ కాగితాన్ని అడిగి తీసుకుని మళ్లీ రెండుసార్లు చదువుకుంది.

సోమవారమే సీటు విడిచి సీటుకు ఎర్ర రంగుతో ఒక నిలువు గీత, ఒక అడ్డగీత కొట్టారు. ముసురు రోజులు కదా, రంగు ఆరలేదు. హనుమండ్లు అనే పెద్దమనిషి తెల్ల పంచెతో వచ్చి సరిగ్గా గీతల మీదే కూర్చున్నాడు. అక్కడ కూర్చోవద్దని నర్మద చెబితే, ఏ గుర్తూ కనబడడం లేదన్నాడు. నిజమే, కూర్చున్నాక గుర్తు ఎలా కనబడుతుంది? జిల్లేడుగూడలో దిగి ఇల్లు చేరేలోపు, ఆయన పంచె వెనకున్న ఎర్ర గుర్తు చూసి దవాఖాన మనిషనుకుని ముగ్గురు జ్వరం గోలీలు అడిగారట. సాయంత్రానికి ఆ పంచె మేనేజరు బల్ల మీదుంది. రంగు పని బందయింది.

మంగళవారం రంగుకు బదులు సీట్లకు పసుపు రిబ్బన్లు కట్టారు. వెనక తలుపు నుంచి కూరగాయల కొమురవ్వ గంపతో ఎక్కింది. దిగేసరికి సగం రిబ్బన్లు లేవు, ఆమె గంపలో గోంగూర కట్టలు మాత్రం పెళ్లికి ముస్తాబైనట్టున్నాయి. ఇదేంటని నర్మద అడిగితే కొమురవ్వ ఏమాత్రం తడబడలేదు.

"ఊకె కట్టిండ్రు గదా బిడ్డా, ఆఖరికి పారేస్తరనుకున్న. నీకు గోంగూర గావాల్నా?"

బుధవారం ఏ గుర్తూ లేకుండా నోటితో చెప్పుకుంటూ నడిపారు. నర్మద గొంతు పోయింది, జనం మాత్రం ఎప్పటిలాగే పక్కపక్కనే కూర్చున్నారు. ఆ సాయంత్రం ఖాళీ బస్సులో తల పట్టుకుని కూర్చున్న నర్మదకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది.

ఆ దిక్కు బస్సుల్లో సీటు దొరకాలంటే టికెట్టు ముఖ్యం కాదు, దస్తీ ముఖ్యం. బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేయాలి. దస్తీ పడ్డ సీటు దస్తీ వేసినవాళ్లది. దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చున్న మనిషిని నర్మద తొమ్మిదేళ్లలో చూడలేదు. ఒకసారి దస్తీ వేసిన మనిషి చాయ్‌కి పోయి బస్సు తప్పిపోయాడు. నలభై మంది నిలబడి ఉన్నా ఆ దస్తీ ఒక్కటే కిటికీ పక్కన గాలి పోసుకుంటూ జిల్లేడుగూడ దాకా పోయి, అదే బస్సులో తిరిగొచ్చింది.

ఇంకేం, నర్మద ఇంటికి పరుగెత్తింది. లక్ష్మణ్ కిందటిసారి వచ్చినప్పుడు తెచ్చిన పెట్టెలో రెండు డజన్ల తెల్ల దస్తీలున్నాయి. అల్మారాలోంచి ఇంకో రెండు తీసింది. సరిగ్గా ఇరవై ఆరు.

గురువారం పొద్దున సీటు విడిచి సీటుకు ఒక తెల్ల దస్తీ పరిచింది. కొమురవ్వ ఎక్కింది, దస్తీని చూసింది, ఎవరో ముందే పెట్టుకున్నారనుకుని మారు మాట లేకుండా పక్క సీటుకు జరిగింది. హనుమండ్లు జరిగాడు. అందరూ జరిగారు. మనిషి, దస్తీ, మనిషి, దస్తీ. బస్సు నాలుగు ఊళ్లు దాటాక ఒకాయన వెనక్కి తిరిగి, పాపం ఇంతమంది చాయ్‌కి పోయి ఇంకా రాలేదేమని బాధపడ్డాడు. వస్తారులే అంది నర్మద.

ఆ సంతోషంలో విద్యాధర్ బస్సు లోపలి ఫోటో తీసి ప్రమోదినికి పంపాడు. జవాబు అరగంటలో వచ్చింది. శనివారం దాకా ఎందుకు, రేపు పొద్దున్నే వస్తున్నానంది ఆమె. విద్యాధర్ బంతిపూల దండకు మనిషిని పంపాడు. రేపు శుక్రవారమనీ, శుక్రవారం జిల్లేడుగూడ వారపు అంగడి అనీ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

శుక్రవారం పొద్దున ఉతికి ఆరేసిన ఇరవై ఆరు దస్తీలతో బస్సు డిపో నుంచి బస్టాండుకు వచ్చింది. అక్కడ అంగడికి పోయే జనం, గంపలు, కోళ్లు. అందరి మూతులకూ దస్తీలో తువ్వాలలో బుద్ధిగా కట్టి ఉన్నాయి. బస్సు మలుపు తిరిగింది. రెండు నెలల తర్వాత మొదటి అంగడి, తమ ఊరి బస్సు, తెరిచిన కిటికీలు. చేతులు వాటంతటవే లేచాయి. మూతి మీదున్న దస్తీ విప్పి కిటికీలోంచి విసరడానికి ఒక్కొక్కరికి రెండు సెకన్లు కూడా పట్టలేదు.

ఖాళీగా ఉన్న ఇరవై ఆరు సీట్లలో ఇరవై ఆరు దస్తీలు పడ్డాయి. అవి కూడా నిండాక నీలం చీర కట్టిన ఒకామె పరుగెత్తుకుంటూ వచ్చి, ఎక్కడా జాగా లేక, వెనక తలుపు పక్కనున్న కండక్టరు సీటులోకే తన దస్తీ వేసింది. గులాబీ రంగుది, మూలన చిలక కుట్టి ఉంది. దస్తీ వేసే జాగా కూడా దొరకనివాళ్లు కిరాయి జీపుల వైపు నడిచారు.

ఇప్పుడు నర్మద తలుపు దగ్గర శానిటైజర్ సీసాతో నిలబడింది. ముందున్నది కొమురవ్వ.

"అవ్వా, మూతికి గుడ్డేది?"

"లోపలున్నది బిడ్డా, సీటు మీద."

"గుడ్డ లేంది ఎక్కనియ్య."

"ఎక్కితేనే గదా గుడ్డ దొరికేది."

నర్మద వరుస వెంట చూసింది. ఇరవై ఆరు మూతులు, ఒక్కదానికీ గుడ్డ లేదు. గుడ్డలన్నీ లోపల సీట్లలో దర్జాగా కూర్చున్నాయి. మనుషులు మాత్రం బయట వానలో ఉన్నారు. సరే, తనే లోపలికి పోయి ఒక్కొక్కటీ తెచ్చిద్దామని మొదటి దస్తీ మీద చేయి వేసిందో లేదో, కిటికీ అవతల హనుమండ్లు లబోదిబోమన్నాడు.

"గా దస్తీ లేపకు చెల్లే, నా సీటు పోతది."

ఆయన ఒక్కడే కాదు. అందరికీ మూతి గుడ్డ కావాలి, కానీ ఎవరి దస్తీ కూడా సీటు మీద నుంచి లేవకూడదు. తనది వదిలి వేరేవాళ్లది లేపమని ప్రతి ఒక్కరూ పక్కవాళ్లను చూపించారు. ఏడూ పది దాటింది. పర్శరాములు హారన్ కొట్టాడు. డిపో గేటు దగ్గర విద్యాధర్ దండ పట్టుకుని ఆఫీసరు జీపు కోసం చూస్తున్నట్టు ఫోన్ చేశాడు. ఇంకా కదలలేదా అని అడిగాడు కూడా. ఆఫీసరు వచ్చేసరికి బస్సు స్టాండులోనే ఉంటే ఏం చూస్తుంది? సీట్లలో యాభై రెండు దస్తీలు, బయట గుంపు. నర్మదకు మంథని బస్టాండు కళ్లముందు కనిపించింది.

అప్పుడు తట్టింది. ఇరవై ఆరు దస్తీలు వాళ్లవి, వాటిని లేపే హక్కు తనకు లేదు. కానీ మిగతా ఇరవై ఆరూ తనవి. ఉతికినవి, ఎవరూ ముట్టనివి. చకచకా తెల్లవన్నీ ఏరుకొచ్చి తలుపు దగ్గర ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి కట్టించి ఎక్కించింది. అందరూ ఒకే తీరు తెల్ల గుడ్డలతో, బ్యాండుమేళంలో జీతానికి కుదిరినవాళ్లలాగా లోపలికి పోయారు.

పోయి ఏం చేశారు? అక్కడే చూడాలి. కొమురవ్వ తన దస్తీ ఉన్న సీటు దగ్గర ఆగింది. పక్క సీటు మీద నుంచి తెల్ల దస్తీ లేచిపోయింది కదా, అది బోసిగా ఉంది. దస్తీ ఉన్న సీటు ఎటూ తనదే. బోసి సీటులో కూర్చుంటే అదీ తనదే. ఒక మనిషికి రెండు సీట్లు. కొమురవ్వ దస్తీని కదిలించకుండా పక్కన కూర్చుని గంపను ఒళ్లో పెట్టుకుంది. వెనకున్న హనుమండ్లు అది చూశాడు. ఒక్క నిమిషంలో బస్సంతా అదే పని చేసింది. మనిషి, దస్తీ, మనిషి, దస్తీ.

పర్శరాములు అద్దంలోంచి చూశాడు. "నర్మదా, సీట్లు ఉల్టా అయినయి గదనే. నిన్న మనుషులున్న కాడ గియ్యాల దస్తీలున్నయి."

"నడుమ జాగా ఉన్నదా లేదా అన్నా?"

"ఉన్నది."

"అయితే పోనియ్."

అంతలో నీలం చీర ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది. ఇరవై ఏడో మనిషి. నర్మద చేతిలో తెల్ల దస్తీలు అయిపోయాయి, లోపల సీట్లూ అయిపోయాయి. ఆమె ఏదో చెప్పబోయింది. దస్తీ లోపలుందని మాత్రం వినబడింది.

"అందరి దస్తీలు లోపలనే ఉన్నయమ్మా. కొంగు గుడ్డ కింద లెక్కకు రాదు. నిలబడి పోనియ్య, ఒక్కరు నిలబడ్డా నా ట్రిప్పు పోతది. ఏమనుకోకు, జీపుకు రా."

తలుపు వేసింది. పర్శరాములు బస్సు కదిలించాడు. మొదటి మలుపు దాటాక గానీ నర్మద తన సీటు వైపు చూడలేదు. దాని మీద గులాబీ దస్తీ ఉంది, చిలక ముక్కు కిటికీ వైపు. నర్మద చేయి చాపింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఎంతైనా దస్తీ దస్తీయే కదా. జిల్లేడుగూడ దాకా ముప్పై ఎనిమిది కిలోమీటర్లు నిలబడే పోయింది, నిలబడే తిరిగొచ్చింది.

డిపోలో విద్యాధర్ దండ వాడిపోయింది. జీపు రాలేదు. ఆఫీసరు రాలేదంటే కోపమొచ్చిందని అతని అనుమానం, ట్రిప్పు పోయిందని నర్మద అనుమానం. ఆ రాత్రి వంట కూడా రచనే చేసింది.

శనివారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. విద్యాధర్ నర్మదను పిలిపించి, నిలబడి చదివాడు. ప్రమోదిని శుక్రవారం జీపులో కాకుండా మామూలు మనిషిలా బస్టాండుకు వచ్చిందట. ఆమె నిర్మల్ దిక్కు మనిషి, చదువుకునే రోజుల్లో ఇట్లాంటి బస్సుల్లోనే తిరిగింది. బస్సును చూడగానే చేయి ఆగలేదట. కాగితంలో ఇలా ఉంది. "మూతికి గుడ్డ లేనందున నన్ను ఎక్కనివ్వలేదు. నిలబడి ప్రయాణించడానికి ఒప్పుకోలేదు. నేనెవరో చెప్పేలోపు తలుపు వేశారు. నిబంధనలు పూర్తిగా అమలవుతున్నాయి. ట్రిప్పు కొనసాగించవచ్చు. కండక్టరును బదిలీ చేయరాదు."

నర్మద అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు రోజుల్లో అదే మొదటిసారి కూర్చోవడం.

విద్యాధర్ గొంతు సవరించుకున్నాడు. "కింద పెన్నుతోని ఇంకో ముక్క రాసిందమ్మా. నా దస్తీ కండక్టరు సీటుల ఉన్నది, వచ్చే తనిఖీకి వచ్చి తీసుకుంట అని. ఏడున్నది గిప్పుడు?"

"సీటు మీదనే ఉన్నది సార్. ముట్టలే."

"ముట్టకు. మేడంది."

"తనిఖీ ఎప్పుడు సార్?"

విద్యాధర్ క్యాలెండర్ పేజీలు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు.

ట్రిప్పు నిలిచింది. రచన ఎప్పటిలా బడి పాఠాలు ఫోన్లో వింటోంది, అత్త వాకిట్లో కూర్చుని బస్సు హారన్ విని టైము చెబుతోంది. పదకొండు ఊళ్లకూ ఏడూ పదికి బస్సు కదులుతోంది. అందరూ రెండేసి దస్తీలతో వస్తున్నారు, ఒకటి మూతికి, ఒకటి పక్క సీటుకు. ఒక్కరు కూడా నిలబడకూడదన్న ఆ బస్సులో నిలబడే మనిషి ఇప్పుడు ఒక్కతే, కండక్టరు. చెప్పండి, మీరైతే ఆ దస్తీ లేపుతారా?