పసుపు టేపు అంటించిన గోడ

ఆ సోమవారం పొద్దున ఆయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తాను ఫ్యాక్టరీకి వెళ్తాడు, భార్య బట్టల దుకాణానికి వెళ్తుంది. మేస్త్రి మనుషులు తాళంచెవి తీసుకుని వచ్చి ముందు గదికి రంగు వేసి పోతారు. సాయంత్రం తాను వచ్చి తనిఖీ చేస్తాడు. వారం తిరిగేసరికి గది సిద్ధమవుతుంది.

ఆ గది మీద ఆశలన్నీ పెట్టుకున్నది మాత్రం ఆయన భార్య. దుకాణంలో ఏళ్ళ తరబడి ఎవరెవరివో ప్యాంట్లు కురచ చేసీ, ఎవరెవరివో జాకెట్లు వదులు చేసీ విసిగిపోయి, ఇక రానని యజమానికి చెప్పేసింది. ఇదే ఆఖరి వారం. వచ్చే సోమవారం నుంచి ఆ ముందు గదిలో ఆవిడ కుట్టుపని నేర్పబోతోంది. చేరతామన్నవాళ్ళు పొద్దున్నే వచ్చేస్తారు. గది సిద్ధం కాకపోతే తరగతి లేదు. తరగతి లేకపోతే మళ్ళీ ఆ యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ మాట తలచుకుంటేనే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

ఆయన నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. వెనకాల అందరూ టార్చిలైటు అంటారు. తయారైన పంపు మీద పక్కనుంచి టార్చి వెలుగు వేసి, ఎక్కడ గీత కనిపిస్తే అక్కడ చిన్న పసుపు టేపు ముక్క అంటించి ముందుకు పోతాడు. ఏమిటని ఎవరూ అడగరు, ఎందుకని ఆయన చెప్పడు. మర్నాటికి ఆ గీత మాయమై ఉంటుంది. అందుకని టేపు ముక్క కనబడితే చాలు, లోకంలో ఎవడైనా ఆ చోట పని మళ్ళీ చేస్తాడని ఆయన నమ్మకం. నోరు వాడవలసిన అవసరం ఆయనకు చాలా కాలంగా రాలేదు.

ఆ సాయంత్రం వచ్చి చూస్తే గోడలన్నిటికీ తెల్లటి లప్పం పట్టించి నున్నగా రుద్ది ఉంది. ఆయన బూట్లయినా విప్పకుండా టార్చి తీశాడు. ఇక్కడొక గుంట, అక్కడొక బుడిపె, కిటికీ పక్కన ఒక గీత. దొరికిన ప్రతిచోటా ఒక ముక్క అంటించి, గోడలు పసుపు చుక్కలతో నిండాక తృప్తిగా స్నానానికి వెళ్ళాడు.

పెయింటర్లు టేపు వాడేది మరోలా. స్విచ్చిబోర్డు చుట్టూ, కిటికీ చెక్కల అంచునా అంటించుకుంటారు, అక్కడ రంగు పడకూడదని. మర్నాడు వచ్చినవాళ్ళు ఆ చుక్కలు చూసి కాసేపు తల గోక్కుని, ఇంటాయనకు ఇదేదో ముచ్చట కాబోలు అనుకున్నారు. ఒక్క ముక్క కూడా కదలకుండా, లేత ఆకుపచ్చ రంగు జాగ్రత్తగా వేసి, పోయే ముందు పద్ధతి ప్రకారం టేపులన్నీ పీకేసి పోయారు.

సాయంత్రం ఆయన తలుపు తీసేసరికి పచ్చటి గోడల మీద తెల్లటి చదరాలు. ప్రతి చదరం మధ్యలో ఆయన నిన్న పట్టుకున్న లోపం ఎక్కడిదక్కడే భద్రంగా ఉంది. గోడలో ఉన్న బాగంతా రంగు కిందికి పోయి, తప్పులు మాత్రం పైకి కనబడుతున్నాయి. ఆయనకు కోపం నషాళానికంటింది. మేస్త్రికి ఫోను చేసి, నేను గుర్తు పెట్టినచోట జాగ్రత్తగా ఉండమని నీ మనుషులకు చెప్పు, అదీ చేతకాకపోతే పని మానుకోమను అని అరిచాడు. జాగ్రత్తగానే ఉన్నారు సార్ అని మేస్త్రి ఏదో అడగబోయేలోపే ఫోను పెట్టేశాడు. ఆ కోపంతోనే ఈసారి అరచేతి వెడల్పు టేపు తెచ్చి, అదే చోట్ల పెద్ద పెద్ద ముక్కలు అంటించాడు.

సారుకు గళ్ళు ఇంకా పెద్దవి కావాలట అని మేస్త్రి తన మనుషులకు చెప్పాడు. వాళ్ళు మర్నాడు పళ్ళు కొరుక్కుంటూ సన్న బ్రష్షుతో ప్రతి ముక్క చుట్టూ రెండో పూత వేసి, టేపులు పీకేసి పోయారు.

ఆవిడ దుకాణం నుంచి వచ్చి గది చూసి, చేతిలో సంచి అలాగే నేలమీద పడేసింది.

"ఆ మేస్త్రిని పిలిచి ఎదురుగా మాట్లాడండి," అంది. "మాట్లాడితే నోరు అరిగిపోతుందా?"

"చెప్పాల్సింది గోడమీదే ఉంది. కళ్ళున్నవాడు చూసుకుంటాడు."

"సోమవారం నా తరగతి పిల్లలు వస్తే ఇందులోనా కూర్చోబెట్టేది?"

ఆయన నిచ్చెన వేసుకుని, వీధివైపు పెద్ద గోడకు రంగు పడినంత మేరా మళ్ళీ లప్పం పెట్టాలనే అర్థం వచ్చేలా, ఈ మూల నుంచి ఆ మూలకు టేపు చుట్ట మొత్తం అడ్డంగా, నిలువుగా, ఐమూలగా అంటించేశాడు. ఆ రాత్రి ఇద్దరూ చెరో గదిలో భోంచేశారు.

శనివారానికి మిగతా మూడు గోడల గళ్ళూ పెయింటర్లే విసుగు పుట్టి కప్పేశారు. ఆ ముచ్చట మీద ఇక వాళ్ళకు గౌరవం పోయింది. కానీ టేపుతో నిండిన పెద్ద గోడకు రంగు వేయడానికి ఎవరూ సాహసించలేదు. సారు ఈ గోడకు రంగే వద్దంటున్నాడని, టేపు పీకేసి, దానికి మళ్ళీ తెల్ల లప్పం ఒక చేయి లాగి, రంగు వేయకుండా వదిలేశారు.

ఆదివారం భార్యాభర్తలిద్దరికీ సెలవు. తాడోపేడో తేల్చుకుందామని ఆయన వాకిట్లోనే కాచుకున్నాడు. మేస్త్రి కూడా అదే ఉద్దేశంతో వచ్చాడు. పెయింటరు ఒకడు డబ్బా పట్టుకుని వెనకాల నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళలో ఇంత పేచీ డిజైను ఎవరూ అడగలేదు సార్," అన్నాడు మేస్త్రి. "మీ చుక్కల చుట్టూ తిరగలేక నా మనుషులు సగం మంది పని మానేశారు. బొమ్మ గీసి ఇస్తే మాకీ తిప్పలు ఉండేవి కావు."

"డిజైనా? అవి నీ తప్పులయ్యా. సరిచెయ్యమని అంటించాను."

"టేపు అంటిస్తే ముట్టుకోవద్దని గదా సార్. ఎవరినైనా అడగండి."

ఇద్దరూ గొంతులు పెంచారు. ఎవరి టేపు భాష ఎవరికి తెలియాలన్నది ఎంతకీ తేలలేదు. ఆవిడ లోపలినుంచి వచ్చి ఇద్దరివైపూ చూసింది. విషయం అర్థమయ్యాక ఆవిడ కోపం తగ్గుతుందేమో అనుకుంటే, అప్పుడే అసలు కోపం వచ్చింది. అది మేస్త్రి మీద కాదు.

"పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను," అంది. "కర్టెను కుడితే దాని అంచుమీద టేపు. దుప్పటి మడతపెడితే మడతమీద టేపు. ఏం తప్పో ఒక్కనాడైనా నోటితో చెప్పారా? అంటించేసి పోతారు. నేను పీకేసుకుంటూ బతికాను. ఈ ఒక్క గదీ నాది. దీన్ని కూడా వదల్లేదు మీరు."

మాట తోచనప్పుడు మనిషికి మొండితనమొకటే దిక్కు. ఆయన గదిలోకి వెళ్ళి ఆ పెద్ద గోడకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపాలన్నీ సరిచేస్తేగాని ఈ గోడ మీద బ్రష్షు పడనివ్వనన్నాడు.

ఆవిడ వెనకే వెళ్ళి ఆయన జేబులోంచి టేపు చుట్ట లాగి, ఒక ముక్క చింపి, సరిగ్గా చొక్కా మీద గుండె దగ్గర అంటించింది. ఆ తర్వాత పెయింటరువైపు తిరిగింది.

"సాయంత్రానికి నాకీ గోడ పూర్తి కావాలి," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

పెయింటరు ఆ టేపు ముక్కవైపు చూశాడు. మేస్త్రివైపు చూశాడు. మేస్త్రి అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. పెయింటరు పై మూల నుంచి మొదలుపెట్టాడు. ముందు వెడల్పు బ్రష్షు, దగ్గరికి వచ్చేసరికి సన్న బ్రష్షు. చెవుల చుట్టూ, మోచేతుల చుట్టూ, ప్యాంటు అంచులదాకా వచ్చాడు. ఆయన పక్కకు జరగలేదు. జరిగితే ఓడిపోయినట్టేనని అనుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు కాళ్ళు పీకి తనంతట తానే ఇవతలికి వచ్చి, చొక్కా మార్చుకోవడానికి వెళ్ళాడు. వెనక పచ్చటి గోడమీద తెల్లటి మనిషి ఒకడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అంచులు ఎక్కడా వంకర పోలేదు.

మళ్ళీ రంగు వేయించే వ్యవధి లేదు. మర్నాడు చేరినవాళ్ళందరినీ ఆవిడ ఆ గోడ ముందే కూర్చోబెట్టి, మగవాళ్ళ చొక్కాకు కొలతలు తీసుకోవడంతో పాఠం మొదలుపెట్టింది. గోడమీది తెల్లటి మనిషికి ఎడమ భుజం కుడిదానికంటే బాగా కిందికి ఉందని కర్రతో చూపించి, ఆ లోపం గుడ్డలో లేదని మాత్రం విడమరిచి చెప్పింది.