హంతకుడిపై చోడవరం తీర్మానం

చోడవరంలో పుస్తకం చదవనివాడు ఒక్కడూ లేడని గ్రంథాలయ అభివృద్ధి సంఘం ప్రకటించింది. ఆ ప్రకటన చదివినవాళ్లు కూడా పెద్దగా లేరు కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఈ ఘనతంతా సంఘాధ్యక్షుడు సత్యారావుది. ఆయన చెరకు రైతు. ఫ్యాక్టరీ వాళ్లు కటింగు ఆర్డరు ఇస్తేనే తోటలో కత్తి పడాలి. వంతు రాకపోతే ఎంత ముదిరిన చెరకైనా నిలబడాల్సిందే. లోకంలో ఇంతకన్నా న్యాయమైన పద్ధతి ఆయన ఎరగడు. అంచేత పుస్తకాలకీ అదే పెట్టించేడు. ఒక విషయం చదివినవాళ్లు మిగతా బీరువాలన్నీ చుట్టొస్తేగాని మళ్లీ ఆ విషయం ముట్టుకోకూడదు. ఎప్పుడు ఏ బీరువా అన్నది సంఘం ఆర్డరు.

"ఒక్క రకమే సదివితే బుర్రలో ఒకపక్కే బరువెక్కి మనిషి ఒరిగిపోతాడు! అన్ని రకాలూ సదవాల!" అని ప్రారంభోత్సవంలో సెలవిచ్చి, తాను ఏ పక్కకీ ఒరగలేదని నిటారుగా నించుని చూపించేడు కూడా.

అందరూ చప్పట్లు కొట్టేరు. జ్ఞానమ్మ మాత్రం కొట్టలేదు.

జ్ఞానమ్మ బస్టాండు దగ్గర జాకెట్లు కుడుతుంది. ఆదివారం చర్చి, మిగతా రోజులు మెషిను, సందు దొరికితే అపరాధ పరిశోధన నవల. అప్పుడు చదువుతున్న నవల మరీ లావుగా ఉందని బైండింగు చేసినవాడు దాన్ని రెండు ముక్కలుగా కోసి కుట్టేడు. అందులో పెళ్లింట్లో మామిడిరసం తాగి పెళ్లికూతురి మేనమామ ప్రాణం విడిచేడు. డిటెక్టివు అందర్నీ వరసగా నిలబెట్టి, వేలెత్తి, "హంతకుడు మరెవరో కాదు" అన్నాడు. అంతే, మొదటి ముక్క వెనక అట్ట వచ్చేసింది.

రెండో ముక్క కోసం ఆమె గ్రంథాలయానికి పరుగెత్తింది.

"నీ నవలల వంతు అయిపోయింది జ్ఞానమ్మత్తా. నీకిప్పుడు పశువైద్యం వచ్చింది," అంది లైబ్రేరియను ఆశ్రిత నవ్వాపుకొంటూ.

"నాకు పశువైద్యమేటే గుంటా! మా ఇంట్లో మేకపిల్లైనా లేదు. ఆడు వేలు ఎవుడి మీదకెత్తేడో సెప్పు, సాలు."

"నాకేటి తెల్సు? నాకింకా నవలల బీరువా రానేదు!"

చేసేదేముంది, పశువైద్యం చదివింది. తీరా చదివితే వదలబుద్ధి కాలేదు. కొలతలివ్వడానికొచ్చినవాళ్లని "ఏదీ, నాలిక సూపించమ్మా" అనడం మొదలెట్టింది. తరవాత తేనెటీగలొచ్చేయి. ఆ తరవాత వారసత్వ చట్టం, దాని వెనకే అంతరిక్షం. చందమామ ఏటేటా మనకి దూరంగా జరిగిపోతోందని తెలిసిన రోజున ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టింది. ఇన్ని రకాల పుస్తకాలున్నాయని ఇన్నాళ్లూ ఎరగనందుకు తనని తానే తిట్టుకుంది. అయినా సూదిలో దారం ఎక్కించేటప్పుడల్లా ఆ ఎత్తిన వేలే కళ్లముందు ఆడేది.

మిగతా ఊరు ఆమెకన్నా వేగంగా చదివింది. పుస్తకం తెరిచి పట్టుకున్న ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడితే చదివినట్టే. ట్రాక్టరు పరదేశి గర్భిణుల ఆహారం గురించిన గ్రంథాన్ని దుక్కి మధ్యలో, ఇంజను ఆపకుండా పూర్తిచేసేడు. ఇళ్లస్థలాలమ్మే హరిబాబు రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో నించునే వైరాగ్యాన్ని ముగించేడు. సత్యారావైతే చొక్కాలు మార్చుకుంటూ ఒక్క ఉదయంలో బీరువాలన్నీ చదివేసేడు. జ్ఞానమ్మ కలవరించే రెండో ముక్క పెద్దమనుషులందరి చేతుల్లోనూ ఫొటో దిగింది.

ఇంత చదువు చదివినవాళ్లకి సన్మానం చెయ్యకపోతే అపచారం. సభ పెట్టేరు. చదివిన పెద్దమనుషులంతా వేదికెక్కి శాలువాలు కప్పుకుంటుంటే జ్ఞానమ్మ లేచి నించుంది.

"బాబూ, మీరందరూ ఆ నవల సదివేరు కదా. సంపినోడెవుడో సెప్పీండి. నేను మెషిను తొక్కలేకపోతన్నాను."

వేదిక మీద శాలువాలన్నీ ఒకదానివైపు ఒకటి తిరిగేయి.

సత్యారావు మైకు సవరించి "వంటవాడు" అన్నాడు. అదే క్షణంలో పరదేశి "పెళ్లికొడుకు" అనేసేడు. స్థలం తగాదా లేకుండా హత్య జరగదు గనక మేనమామ తమ్ముడే చంపేడని హరిబాబు అనుభవం మీద చెప్పేడు. కోచింగు సెంటరు ఉదయ్‌కుమార్ కాసేపు కళ్లు మూసుకుని "పైవారందరూ" అన్నాడు.

పెద్దల మాటకి మచ్చ రాకూడదు. అక్కడికక్కడే చేతులెత్తించి, అధిక సంఖ్యాకుల అభిప్రాయం మేరకు వంటవాడే హంతకుడని తీర్మానం ఆమోదించేరు.

"తీర్మానం సరే బాబూ, పుస్తకంలో ఏటుంది? నేనింకా సదవనేదు."

సత్యారావు మొహం మాడిపోయింది. "ఊరందరూ సదివీసిన పుస్తకం సదవనేదని సభలో సెప్పుకోడానికి నీకు సిగ్గు నేదేటి జ్ఞానమ్మా? నూటికి నూరు మందిమీ సదివేమని జిల్లాకి రాసి పంపించీసేం. ఊరి పరువు తీసీసేవు!"

వెంటనే శిక్ష పడింది. రెండో ముక్క చేతికిచ్చి, పూర్తయ్యేదాకా వేదిక పక్క కుర్చీలోంచి కదలడానికి వీల్లేదన్నారు. జ్ఞానమ్మ శిరసావహించింది. మొదటి పేజీలోనే "ఓలమ్మో!" అని నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది.

వేదిక మీద ప్రసంగాలు తడబడ్డాయి. హరిబాబు మంచినీళ్ల సీసా ఇచ్చే మిషతో వచ్చి, వంగి, "వంటోడేనా అత్తా?" అన్నాడు గుసగుసగా.

"మీరు సదివేరు కదా బాబూ. తెలిసిందే మళ్లీ సెప్తే ఏం బాగుంటాది?"

పరదేశి వచ్చేడు. ఉదయ్‌కుమార్ వచ్చేడు. చివరికి శాలువా సర్దుకుంటూ సత్యారావే వచ్చేడు. అందరికీ అదే జవాబు. చోడవరంలో ఒక పుస్తకం కోసం పెద్దమనుషులు ఇంతలా కొట్టుకుపోవడం ఎన్నడూ లేదు. అయినా ఆ ముక్క ఇలా ఇయ్యమని అడగడానికి ఒక్కరికీ నోరు రాలేదు. చదివేసినవాళ్లు ఏ మొహం పెట్టుకుని అడుగుతారు?

తమరు మాత్రం నవ్వుకోనక్కర్లేదు. ఆ నవల పేరు ఇందులో ఎక్కడా రాలేదు. అయినా మేనమామ, మామిడిరసం అనగానే "ఓ, అదా, ఎప్పుడో చదివేం" అని తలూపేరే, ఆ తలూపినవాళ్లెవరో సత్యారావు గారికి తెలిస్తే తమకీ ఒక శాలువా ఖాయం.