ఎక్స్ దొరక్కపోతేనే ఇల్లు నిలుస్తుంది

బీజగణితాన్ని మించిన కుటుంబ సంరక్షణ శాస్త్రం లోకంలో లేదు!

నవ్వకండి. చరిత్ర, భూగోళం ఎలాంటి చదువులు? నాలుగు తేదీలు బట్టీ పడితే చాలు, పిల్లల్ని పాసు చేసి రైలెక్కించేస్తాయి. బీజగణితం మాత్రం కొంగు పట్టుకుని ఇంట్లో కూర్చోబెడుతుంది!

మా రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లే చూడండి. డ్రైవరు పరదేశి గారబ్బాయి మెట్రిక్ లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. పూటపూటా తల్లి పక్కనే కూర్చుని వేడన్నం తింటున్నాడు. సత్తిరాజు గారబ్బాయికి తొంభై మార్కులొచ్చాయి. ఏమైంది? ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం, తల్లికి మూడు నెలలకో కార్డుముక్క!

ఇంత మేలు చేసే శాస్త్రం ఏమిటో చూద్దామని విజయనగరం నుంచి తెలుగు లెక్కల పుస్తకం తెప్పించి, అట్ట ఊడేదాకా చదివాను. ఆహా, ఏం మాటలు! బ్రాకెట్టంటే ప్రహరీ గోడ. గోడ బయట నిలబడ్డ అంకె లోపల ఒక్కొక్కరినీ విడివిడిగా తగులుకుంటుంది, అచ్చం మా అత్తగారి కోపంలా! స్థిరరాశి అంటే నేను. చలరాశి అంటే గార్డు పని చేసే మా అబ్బాయి చిన్నారావు. ఎక్స్ అంటే ఉందని తెలుసు, ఎంతో తెలియదు. వాల్తేరు పాసింజరు ఆలస్యంలాగే!

నాగపూర్‌లో ఎమ్మే చదివొచ్చిన పార్వతమ్మ టీచరు ఇంకో వింత చెప్పింది. కలిపి చూసే వస్తువుల గుంపును సెట్టు అంటారట. అందులో ఒక్కటీ లేకపోయినా సెట్టేనట! మనుషుల్లేని ఇల్లు కూడా ఇల్లేనా? చదువుకున్నవాళ్లు ఎంతమాటైనా అనేస్తారు.

ఈసారి మా మనవరాలు గంగాభవాని మెట్రిక్ గట్టెక్కితే నాగపూర్ హాస్టలుకే. నా ఆశలన్నీ బీజగణితం మీదే పెట్టుకున్నాను.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం కందిపప్పు ఏరుతుంటే ఏడుపుమొహంతో వచ్చింది.

"రేపే లెక్కల పర్చా, మామ్మా! ఇటున్న ప్లస్ ఐదు అటెల్తే మైనస్ ఎందుకవుద్ది? నాకు బుర్రకెక్కట్లేదు. తప్పిపోతాను!"

తప్పనీ అని ఊరుకోవచ్చు కదా? ఊరుకున్నానా!

"ఓసి పిచ్చిమొహమా, ఇటు చూడు. ఈ చేటలో ఎక్స్, దాంతో ఐదు గింజలు. ఆ చేటలో పన్నెండు. రెండూ సమానం. ఇక్కడ ఐదు తీస్తే అక్కడా ఐదు తియ్యాలి కదే!"

"అయితే ఐదు అటు ఎల్లలేదా?"

"ఎక్కడికీ వెళ్లలేదు. రెండు పక్కలా తగ్గింది, అంతే."

"అరే, ఇంతేనా! మరి టీచరమ్మ ఇలా చెప్పదేటి?"

లెక్కల్లో ఎనభై ఎనిమిది వచ్చాయి. సోమవారం ప్రయాణం.

కనుక ప్రభుత్వం వారికి నా మనవి. వయోజన విద్య పేరుతో మాలాంటి ముసలమ్మలకు చదువు చెప్పకండి! అచ్చులూ హల్లులూ వచ్చిన మామ్మ ఎంతకైనా తెగిస్తుంది. ఆ పిల్లకు ఇంకా పక్కబట్టలు పెట్టి హోల్డాలు చుట్టడం కూడా చేతకాదు. పొద్దున్నించీ అదీ నేనే నేర్పుతున్నాను!