టికెట్టు తెచ్చినవారికి నాన్న

ఆ ఆదివారం పొద్దున ప్రెస్సాయన వేసుకున్న పథకం చిన్నదే. ఇంట్లోవాళ్ళు లేచేలోపు షాపుకి జారుకుని, ఒక ఆసుపత్రివాళ్ళ రసీదు పుస్తకాలు అచ్చేసి, భోజనం వేళకి ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చోవడం. ఇరవై ఏళ్ళుగా ఆ చిన్న అచ్చు షాపు నడుపుతున్నాడు. చెప్పిన తేదీకి సరుకు ఇవ్వకపోవడమన్నది ఆయన చరిత్రలో లేదు. ఇంటి సంగతి వేరు. ఇంట్లోవాళ్ళు ఎక్కడికీ పోరు కదా!

మూడు వారాల కిందట కూతురికి తొమ్మిదేళ్ళు నిండాయి. దాన్ని అందరూ పిచ్చుక అంటారు. అప్పటికే మంచం కింద బొమ్మలు, బీరువా మీద బొమ్మలు, స్నానాల గదిలో ఒంటికన్ను ఎలుగుబంటి. "ఇంకొక్క బొమ్మ గడప లోపలికొచ్చిందంటే నేను గడప బయటికి పోతా" అని భార్య తేల్చేసింది. "దానికి బొమ్మలెందుకండీ? ఏడో నంబరు బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, అక్కడేముందో చూడాలట. అదీ మీతోనేనట."

బస్సు చార్జీతో తేలిపోయే కానుక అనేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. షాపులో మిగిలిన పసుప్పచ్చ అట్ట మీద దర్జాగా టికెట్టు అచ్చేశాడు: "ఈ టికెట్టు తెచ్చినవారికి నాన్నతో ఒక పూర్తి రోజు. ఏడో నంబరు బస్సు, ఆఖరి స్టాపు వరకు. షరతులు లేవు." నిజానికి ఒక్కటి చాలు. కాని వందకి తక్కువ మిషను తిప్పడం ఆయన చేతికి రాదు. వందా కొట్టి, అంచులు కోసి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. పిచ్చుక ఆ కట్టని గుండెలకి హత్తుకుంది. మొదటి ఆదివారం కరపత్రాలు అడ్డొచ్చాయి. తరవాతి ఆదివారం విజిటింగు కార్డులు.

ఇవాళ చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు తీసేసరికి మెట్ల మీద నలుగురు పిల్లలు. నలుగురి చేతుల్లోనూ పసుప్పచ్చ టికెట్లు.

"అంకుల్, ఇవాళేనట కదా?"

"ఎవరిచ్చార్రా ఇవి మీకు?"

"పిచ్చుక!"

ఆయన నోరు మూసేలోపు ఇంకో ముగ్గురు వచ్చారు. ఆపైన స్కూటరు మీద ఒక పెద్దమనిషి కవల పిల్లల్ని దింపి, "మంచి పని పెట్టారండీ! ఆరింటికి వచ్చి తీసుకెళ్తాను. రేపు కూడా ఉంటుందా?" అంటూ జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. తరవాత వచ్చినవాళ్ళ చేతుల్లో తెల్ల కాగితాలున్నాయి. ఆయన ఒకటి లాక్కుని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇది నా అచ్చు కాదే! జెరాక్సు! అక్షరాలు ఎలా మసకబారాయో చూడు" అని భార్య దగ్గర మొత్తుకున్నాడు.

"టికెట్టు మసకేసినా పిల్లాడు స్పష్టంగానే ఉన్నాడు కదండీ" అందావిడ.

అందరికన్నా ఆఖర్న ఎదురింటి మామ్మగారు గొడుగుతో, చేతిసంచితో దిగింది. ఆవిడ దగ్గరున్నది అసలు టికెట్టే.

"మామ్మగారూ, ఇది పిల్లలకండీ."

"కళ్ళజోడు పెట్టుకునే చదివాను నాయనా. తెచ్చినవారికి అని ఉంది. నేను తెచ్చాను."

"అంటే... నాన్నతో అని..."

"మా నాన్న పోయి నలభై ఏళ్ళయింది. నువ్వైనా ఫరవాలేదు."

ప్రెస్సాయన భార్య వంక దీనంగా చూశాడు. "షరతులు లేవని మీరే వేశారు" అంది ఆవిడ. అచ్చులో పడిన మాట తప్పితే ఇక షాపుకి విలువేముంది? రసీదుల పని రాత్రికి చూసుకోవచ్చని మనసుకి నచ్చజెప్పుకుని, పంతొమ్మిది మంది పిల్లల్ని, ఒక మామ్మగారిని వెంటేసుకుని బస్టాపుకి నడిచాడు.

"అందరూ మీ పిల్లలేనా సార్?" అన్నాడు కండక్టరు కళ్ళు తేలేసి.

"అవును. నేను పెద్దమ్మాయిని" అంది మామ్మగారు.

దారిలో ఒకడు ఆయన చొక్కా మీద కక్కుకున్నాడు. ఆఖరి స్టాపులో ఉన్నదల్లా బస్సులు కడిగే ఆవరణ. పెద్ద గొట్టంతో నీళ్ళు చిమ్ముతుంటే పిల్లలు పూనకం వచ్చినట్టు గెంతారు. మామ్మగారు చెప్పులు విప్పి, నీటిమడుగులో కాళ్ళు పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. ఆయన మాత్రం పావుగంటకోసారి తలలు లెక్కపెడుతూనే ఉన్నాడు. ఒకసారి పద్దెనిమిది వస్తే ఇంకోసారి ఇరవై వచ్చాయి. చివరికి ఆ పని పిచ్చుకకి అప్పగించాడు. రోజంతట్లో కూతురితో ఆయన అన్నది ఆ ఒక్క మాటే: "లెక్క చూడమ్మా."

సాయంత్రం ఎవరి పిల్లల్ని వాళ్ళకి ఒప్పజెప్పి, ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"కట్టెడు టికెట్లున్నాయి కదే నీ దగ్గర! ఒక్కటి నువ్వే చూపిస్తే ఇద్దరం హాయిగా వెళ్ళొచ్చేవాళ్ళం. ఊరందరికీ ఎందుకు పంచావు?"

"చూపించాను కదా నాన్నా, రెండుసార్లు. రెండుసార్లూ వచ్చే వారం అన్నావు." పిచ్చుక గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. "బయటివాళ్ళ పనైతే నువ్వు అస్సలు ఆపవుగా. అందుకే వాళ్ళకిచ్చాను. వాళ్ళతోపాటు నేనూ ఎక్కేయొచ్చని."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వచ్చేటప్పుడు బస్సులో తన పక్క సీట్లో ఎవరున్నారో గుర్తు తెచ్చుకోబోయాడు ఆయన. మామ్మగారి గొడుగు ఉంది. పిచ్చుక దారి పొడుగునా కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.

"వచ్చే ఆదివారం మనిద్దరమే వెళ్దాం. ఒట్టు" అన్నాడు.

"సరే నాన్నా" అంది పిచ్చుక, ఎంతో మర్యాదగా.

మర్నాడు బడికి పోతూ, ఎందుకైనా మంచిదని, ఎదురింటి మామ్మగారికి ఇంకో టికెట్టు ఇచ్చి వెళ్ళింది.