సర్వహక్కులూ ఆయనవే

ఆ ఉదయం వెబ్‌సైట్ల డిజైనరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాల్లో కిటికీ పక్కనున్న బల్ల ముందు కూర్చున్నాడు. ఆయన ఆఫీసంటే ఆ బల్లే. కొత్తగా కట్టిన పెద్దాసుపత్రి మేనేజరు ఫోను చేస్తానన్నారు. ఆ పని దొరికితే ఆఫీసును మెయిన్ రోడ్డు మీదికి మారుస్తానని భార్యకు మాటిచ్చాడు. సొంత హాల్లో కాళ్ళు చాపుకుని కూర్చునే యోగం కోసం ఆవిడ పెళ్ళయిన నాటినుంచీ ఎదురుచూస్తోంది.

ఆసుపత్రివాళ్ళకు నచ్చింది ఆయన ప్లగిన్. దాన్ని వెబ్‌సైటుకు తగిలిస్తే, బటన్ నొక్కినవాళ్ళను నేరుగా ఫోనులో కలుపుతుంది. ఆయన ప్లగిన్ అంటే, ఎవరో ఒకావిడ రాసి ఇంటర్నెట్లో పెట్టినది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు, మార్చి అమ్ముకోవచ్చు కూడా. కాకపోతే కొన్నవాళ్ళకూ అవే హక్కులుంటాయి, రాసినావిడ పేరు తీసెయ్యకూడదు. ఇదీ లైసెన్సు. మన డిజైనరు బటన్లకు నీలం రంగు వేశాడు. అంతటి సృష్టికార్యంలో అలసిపోయి లైసెన్సు చదవలేదు. ఆవిడ పేరు చెరిపి, తన పేరు రాసి, కింద “సర్వహక్కులూ నావే” అని తగిలించి వీధి చివరి పళ్ళ డాక్టరుకు అమ్మాడు. పైగా డాక్టరు సైటులో తప్ప ఇంకెక్కడ పెట్టినా ఫోన్లన్నీ తనకే వచ్చేలా లోపల ఓ మెలిక పెట్టాడు. దొంగలు తేలిగ్గా దొరుకుతారని ఆయన తెలివి.

ఫోను మోగింది. గొంతు సవరించుకుని ఎత్తాడు.

“బబ్లూకి ఇంజెక్షన్ ఎప్పుడేస్తారండీ? కనబడినవాళ్ళనల్లా కరుస్తున్నాడు.”

“పిల్లల్ని మీరే అదుపులో పెట్టుకోవాలమ్మా.”

“పిల్లాడేంటండీ, కుక్క! మీరు పశువుల డాక్టరు కాదా?”

తరువాత ఒకరికి కళ్ళజోడు కావాలి, ఇంకొకరికి పొట్ట తగ్గాలి. ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి వచ్చేలోగా భార్య ఫోను ఎత్తింది. “ఏమండీ, ఎవరో జుట్టు కత్తిరించుకుంటారట. ఆదివారం మీకు ఖాళీయేనా?”

అప్పుడు వెలిగింది ఆయనకు. చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

“బాగుందని అడిగితే వీధిలో అందరికీ కాపీ ఇచ్చానండీ,” అన్నాడు డాక్టరు సంబరంగా. “మీకు పేరొస్తుందని!”

“ఇది దొంగతనం! ఒక్కొక్కర్నీ కోర్టుకీడుస్తా!”

వీధిలోనే నిలబడి లాయరు వెబ్‌సైటు తెరిచి బటన్ నొక్కాడు. బిజీ. మళ్ళీ నొక్కాడు. బిజీ. లాయరుగారిదీ అదే ప్లగిన్ అనీ, తన ఫోను తనకే కలవడం లేదనీ అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయి, నడిచే వెళ్ళాడు.

“పొద్దున్నుంచి ఒక్క క్లయింటూ లేడండీ, రండి!” అని లాయరు ఆప్యాయంగా కుర్చీ చూపించి, కథంతా విని, అసలు లైసెన్సు వెతికి చదివాడు. “పంచుకునే హక్కు వాళ్ళకుంది. ఇందులో తప్పు చేసింది ఒక్కరే.”

“ఎవరండీ వాడు?”

“పేరు చెరిపినవాడు. కేసు వెయ్యాల్సింది రాసినావిడ. ముద్దాయి మీరు.”

సరిగ్గా అప్పుడే ఫోను.

“నమస్తే అండీ, మీ అపాయింట్‌మెంటు...”

“కుక్కయితే మూతి కట్టి తీసుకురండి! గడ్డమయితే ఇంట్లోనే గీసుకోండి!”

“ఆసుపత్రి మేనేజర్ని మాట్లాడుతున్నా,” అని పెట్టేసింది ఒకావిడ.

ఇంటికొచ్చి, కోర్టు భయం ఒకవైపు, పని పోతుందన్న దిగులు మరొకవైపు పీకుతుండగా, అసలావిడ ప్లగిన్ లింకును ఆవిడ పేరుతో సహా వీధి మొత్తానికీ పంపాడు. “దయచేసి నాది తీసేసి దీన్ని పెట్టుకోండి. అందరికీ పంచండి.” డాక్టరు వెంటనే ఫోను చేశాడు. “పంచొచ్చా? సర్వహక్కులూ మీవే కదా?” పళ్ళు కొరుక్కుంటూ పంచొచ్చన్నాడు. అదే లింకు క్షమాపణతో ఆసుపత్రికీ పంపాడు, తన నిజాయితీ చూసి కరుగుతారని.

నిజంగానే కరిగారు. సాయంత్రం మేనేజరు ఫోను చేసింది. భార్య సోఫాలో కూర్చుని, ముందస్తుగా కాళ్ళు చాపుకుంది.

“భలే మంచి లింకు పంపారండీ! రాసినావిడతో మాట్లాడాం. పని ఆవిడకే ఇచ్చేశాం. చాలా థాంక్సండీ.”

భార్య ఆయన మొహం చూసి కాళ్ళు ముడుచుకుంది. ఆ చూపుకు ఆయన నిజంగానే సిగ్గుపడ్డాడు.

ఆ తరువాత ఫోను మోగలేదు. దాని మీద సర్వహక్కులూ ఇప్పుడు ఆయనవే.