అందరూ తిప్పిన నాబ్

ఆ ఉదయం ఇంజనీరు భార్యకు జడ వేస్తున్నాడు. ఆవిడ ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఐదేళ్ల కిందట పొగమంచులో హైవే మలుపు దగ్గర ఒక లారీ ఆగింది. దాని వెనక వ్యాను ఆగింది. వ్యాను వెనక ఆవిడ కారు ఆగలేకపోయింది. ఆవిడ వెనక వచ్చినవాళ్లూ ఆగలేకపోయారు. అప్పటినుంచి జడ వేసే పని ఇంజనీరుది. మొదట్లో వంకరగా వచ్చేది. ఇప్పుడు ఎవరి దగ్గర వేయించుకుంటున్నావని ఇరుగుపొరుగువాళ్లు ఆవిడను అడుగుతున్నారు.

"కాస్త నెమ్మదండీ. జుట్టు పీకేస్తున్నారు."

"ఇవాళ సభ."

"సభకీ నా జుట్టుకీ సంబంధమేమిటి?"

సంబంధం ఉంది. ఆ ప్రమాదం తరవాత ఇంజనీరు ఒక పథకం తయారు చేశాడు. హైవే మీద వాహనాలు పెరిగినా, మంచు కమ్మినా వేగపరిమితి దానంతటదే తగ్గుతుంది. రోడ్డు ఖాళీ అయితే మళ్లీ పెరుగుతుంది. ఇందుకోసం దారి పొడవునా అంకెలు వెలిగే బోర్డులు పెట్టించాడు. ఒక్కో బోర్డు కింద ఒక కెమెరా ఉంది కాబట్టి ఆ అంకెను ఎవరూ కాదనలేరు. కానీ ప్రజల అభిప్రాయం అడగకుండా పరిమితిని మార్చకూడదని రూలు. అందువల్ల మారడానికి పెట్టిన బోర్డులన్నీ రాత్రీ పగలూ మారకుండా వంద చూపిస్తూ నిలబడ్డాయి.

అభిప్రాయం అడగడానికి అప్పటికి రెండుసార్లు సభ పెట్టారు. మొదటిసారి వాచ్‌మన్ తప్ప ఎవరూ రాలేదు. రెండోసారి ఒకాయన వచ్చాడు, వాన తగ్గగానే వెళ్లిపోయాడు. మూడోసారీ సభ జరగకపోతే ఫైలు మూసేస్తానని విచారణ సంఘం అధ్యక్షురాలు చెప్పింది. ఆవిడ అన్నమాట తప్పే మనిషి కాదు.

జనం సంగతి అత్తగారు తన మీద వేసుకుంది. 

"అల్లుడుగారూ, మీరు నిశ్చింతగా ఉండండి. మా కాలనీ అంతటినీ నేను తీసుకొస్తాను" అంది ఫోన్లో.

"అత్తయ్యగారూ, బలవంతం చేయకూడదండీ. రూలు ఒప్పుకోదు."

"బలవంతమెందుకు? నేను రమ్మంటే రానని అనే ధైర్యం ఇక్కడెవరికుంది?"

"దాన్నే బలవంతం అంటారండీ."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడయింది.

సభ జరిగేది హైవే నుంచి దిగే దారి పక్కన ఉన్న ఆటల క్లబ్బు హాల్లో. వేదిక వెనక గోడకు బాస్కెట్‌బాల్ వల వేలాడుతోంది. దాని కింద కంట్రోల్ రూమ్ టెక్నీషియన్ ఒక బోర్డు నిలబెట్టాడు. బోర్డు ముందు బల్ల మీద ఒక పెట్టె, పెట్టెకు ఒక నాబ్. నాబ్ తిప్పితే బోర్డు మీద అంకె మారుతుంది. చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తాడని ఆఫీసులో అతన్ని అందరూ తుచ అని పిలుస్తారు. ముందురోజు ఇంజనీరు అతనికి ఒకటే మాట చెప్పాడు: "రోడ్డు మీద ఎలా ఉంటుందో ఇక్కడా అచ్చం అలాగే పనిచేయాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

"రాదు సార్" అన్నాడు తుచ.

వేళకు జనం వచ్చారు. అత్తగారి కాలనీవాళ్లు, ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, డ్యూటీ దిగిన పాల వ్యాను డ్రైవరు. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకున్నారు. రానిది ఒక్క అధ్యక్షురాలే. ఆవిడ లేనిదే సభ మొదలుపెట్టకూడదు. ఇంజనీరు ఫోను చేస్తే హైవే ఎక్కానని, కాసేపట్లో వస్తానని చెప్పింది. జనం వాచీలు చూసుకోవడం మొదలుపెట్టారు. వెనక వరసలో ఇద్దరు లేచి నిలబడ్డారు. అత్తగారు చూసిన చూపుకు ఒకాయన కూర్చున్నాడు గాని, రెండో ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

మూడోసారీ ఇలాగే చేజారిపోతుందని ఇంజనీరు భయపడ్డాడు. "ఆవిడ వచ్చేలోగా ఈ నాబ్ మీరే తిప్పి చూడండి. ఎంత వేగం ఉండాలో మీరే పెట్టండి" అన్నాడు. నిలబడ్డ ఆయన కూర్చున్నాడు.

పాల వ్యాను డ్రైవరు ముందుకొచ్చి నూట ఇరవై పెట్టాడు. "పాలు విరిగేలోగా చేరాలి సార్. మీ సభలూ సమావేశాలూ పాలకు తెలియవు."

"నూట ఇరవైలో బ్రేకు వేస్తే బండి ఎక్కడ ఆగుతుందో లెక్క కట్టావా?" అన్నాడు మాస్టారు.

"ఆగే ఉద్దేశం లేనప్పుడు లెక్కెందుకు మాస్టారూ?"

మాస్టారు అతని చెయ్యి పక్కకు నెట్టి అరవై పెట్టాడు. అత్తగారు వచ్చి నలభై చేసింది. నలభై దాటితే తనకు కడుపులో తిప్పుతుందని చెప్పింది.

"నీకు ఆగిన బస్సులో కూర్చున్నా తిప్పుతుంది కదమ్మా" అంది కూతురు, ఇంజనీరు భార్య.

"ఆగిన బస్సు వాసన వేరే."

వ్యాను డ్రైవరు మళ్లీ నూట ఇరవైకి తిప్పాడు. మాస్టారు మళ్లీ అరవైకి దించాడు. నాబ్ దగ్గర వరస కట్టారు. వరస తప్పి ముందుకొచ్చిన ఆయనతో పోట్లాట అయింది. ప్రజలు ఇంత ఉత్సాహంగా పాల్గొనడం ఇంజనీరు తన ఉద్యోగంలో చూడలేదు. ఇంతలో అతని ఫోను మోగింది.

"ఎక్కడిదాకా వచ్చారు మేడమ్?"

"ఎక్కడిదాకా ఏమిటి? ఉన్నట్టుండి అందరూ పరిగెడుతున్నారు, ఉన్నట్టుండి అందరూ బ్రేకులు వేస్తున్నారు. ఇవాళ ఈ రోడ్డుకు ఏమైంది?"

"అందుకే మేడమ్ మనకు ఈ పథకం కావాలి."

"నిజమేనయ్యా. ఈ ఫైలు చదివినప్పుడు ఇంత అర్థం కాలేదు."

ఇంజనీరు సంతోషించాడు. ఆవిడకు ఆలస్యమైనకొద్దీ జనానికి నాబ్ తిప్పడానికి తీరిక దొరికింది. జనం తిప్పినకొద్దీ ఆవిడకు ఆలస్యమైంది. ఈ రెంటికీ లంకె ఉందని హాల్లో ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్కడు తుచ. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

చివరికి ఇంజనీరు భార్య లేచింది. వరసలోవాళ్లు దారి ఇచ్చారు.

"నాకు రోడ్డంతా అక్కర్లేదు. ఆ ఒక్క మలుపు చాలు. ఆ పొద్దున అక్కడ ఈ అంకె ఉండుంటే బాగుండేది" అని కుడిచేత్తో నాబ్‌ను ఇరవైకి తిప్పింది. తిప్పి, చెయ్యి తీయలేదు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వ్యాను డ్రైవరు తల వంచుకుని వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆ ఇరవైని పెంచమనడానికి ఎవరికీ నోరు రాలేదు. అలా ఎంతసేపు ఉండేవారో గాని, ఫోను మళ్లీ మోగింది.

"ఇంజనీరుగారూ, ఒక సంగతి అడుగుతాను. మన బోర్డులు వంద తప్ప ఇంకేమీ చూపించకూడదు కదా?"

"చూపించవు మేడమ్. అనుమతి లేదు."

"నా నెత్తి మీద బోర్డు ఇరవై అంటోంది. చుట్టూ కనుచూపు మేర బళ్లే. నడిచి వెళ్తున్నవాళ్లు నన్ను దాటిపోతున్నారు."

ఇంజనీరు బోర్డు వైపు చూశాడు. భార్యతో "ఒక్కసారి పాతిక పెట్టు" అన్నాడు. ఆవిడ తిప్పింది.

"ఇప్పుడు పాతిక అంటోంది" అంది ఫోను. కాస్త ఆగి, "ఇంజనీరుగారూ, మీరిప్పుడు ఏం చేస్తున్నారు?" అంది.

అతను తుచ వైపు తిరిగాడు. "దీన్ని ఎలా కలిపావు?"

"రోడ్డు బోర్డుల లైనుకే సార్. వెంట్రుకవాసి తేడా రాకూడదన్నారు కదా."

ఇంజనీరు ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"తీస్తే వందకు పోతుంది సార్. రోడ్డు మీదా అంతే" అన్నాడు తుచ.

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆగిన బళ్ల తోక ఈపాటికి మలుపులోకి చేరి ఉంటుంది. ఇప్పుడు వంద వెలిగితే వెనకనుంచి వచ్చేవాళ్లు వందలోనే మలుపు తిరుగుతారు. అవతల ఏముందో తిరిగేదాకా కనపడదు. ఆ మాట అతను పైకి అనలేదు. నాబ్ మీదున్న భార్య చెయ్యి అప్పటికే బిగుసుకుంది.

"నువ్వే తిప్పు. నేను చెప్పినప్పుడు, చెప్పినంతే" అన్నాడు భార్యతో. ఫోనులో, "మేడమ్, ముందున్నవాళ్లు కదిలితే చెప్పండి" అన్నాడు.

"కదిలారు."

"ముప్ఫై."

ఆవిడ ముప్ఫైకి తిప్పింది. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. అత్తగారు కూడా మాట్లాడలేదు. ఆవిడ ఊరుకోవడం కాలనీవాళ్లు అంతకుముందు ఎరగరు.

"బళ్ల మధ్య ఎడం వచ్చింది."

"నలభై."

అలా అరవై దాకా వచ్చారు. "మలుపు దాటాను. అద్దంలో చూస్తున్నాను, వెనకవాళ్లూ దాటుతున్నారు. అందరూ దాటుతున్నారు" అంది అధ్యక్షురాలు. భార్య నాబ్ వదిలి కుర్చీలో కూర్చుంది. అత్తగారు వెళ్లి కూతురి చెమట తుడిచింది.

అధ్యక్షురాలు ఒక్కతే రాలేదు. ఇరవైలో ఇరుక్కున్నవాళ్లలో సగంమంది, ఆవిడ ఫోను మాటల వల్ల ఈ సభ సంగతి తెలిసి, ఆవిడ కారు వెంటే హైవే దిగి వచ్చారు. హాలు నిండింది. వరండా నిండింది. వాచ్‌మన్ కిటికీలు తెరిచాడు. అధ్యక్షురాలు కుర్చీలో కూర్చుని అడిగింది.

"బోర్డులు మార్చింది ఎవరు?"

"నేను మేడమ్" అన్నాడు ఇంజనీరు.

"ఆయనొక్కడే అనకండి. అందరం తలో చెయ్యీ వేశాం" అంది అత్తగారు. కాలనీవాళ్లలో కొందరు నేల చూపులు చూశారు.

ఒక టాక్సీ డ్రైవరు లేచాడు. "నూట ఇరవై పెట్టిందెవరు? అరవై చేసిందెవరు? మళ్లీ నూట ఇరవై చేసిందెవరు? నా టాక్సీలో కూర్చున్నావిడ ఇంటికి ఫోన్ చేసి అప్పగింతలు పెట్టింది!"

పాల వ్యాను డ్రైవరు మాస్టారు వెనక్కి జరిగాడు.

ఇంజనీరు ఫైలు బల్ల మీద పెట్టేశాడు. దాని పని అయిపోయిందని అతనికి అర్థమైంది. అయినా అధ్యక్షురాలు అడిగితే జవాబు చెప్పాలి. "మీ పథకంలో ఈ అంకెను మార్చేది ఎవరు?" అని ఆవిడ అడిగింది.

"ఎవరూ కాదు మేడమ్. రోడ్డులో పాతిన యంత్రాలు బళ్లను లెక్కపెడతాయి. దాన్నిబట్టి కంప్యూటరు మారుస్తుంది."

"మధ్యలో మనుషులు ఉండరా?" అన్నాడు టాక్సీ డ్రైవరు.

"ఉండరు."

"ఈ మాస్టారు?"

"ఉండరు."

"ఆ పెద్దావిడ?"

ఇంజనీరు అత్తగారి వైపు చూడకుండా, "ఉండరు" అన్నాడు.

"అయితే ఇన్నాళ్లు ఎందుకు ఆగారయ్యా? ఇవాళే పెట్టేయండి!" అన్నాడు టాక్సీ డ్రైవరు. హాలు, వరండా చేతులెత్తాయి. నాబ్ పాల వ్యాను డ్రైవరు చేతిలో పడకూడదని మాస్టారు, మాస్టారి చేతిలో పడకూడదని వ్యాను డ్రైవరు చేతులెత్తారు. ఇంజనీరు భార్య కుడిచెయ్యి ఎత్తింది. ప్రజాభిప్రాయం ఏకగ్రీవమైందని అధ్యక్షురాలు రాసింది. ఒకే షరతు పెట్టింది: బోర్డుల విషయంలో ఇక ముందు ప్రజల అభిప్రాయం అడగకూడదు. దానికి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

అనుమతి కాగితం, సంజాయిషీ అడిగే మెమో ఒకే కవరులో వచ్చాయి. పొగమంచు కమ్మిన మొదటి ఉదయం మలుపు దగ్గర బోర్డు దానంతటదే నలభైకి దిగింది. బళ్ల వేగమూ దిగింది. కంట్రోల్ రూమ్ నుంచి తుచ ఫోను చేసి ఆ మాట చెప్పినప్పుడు ఇంజనీరు జడ వేస్తున్నాడు. అతని చేతులు కాస్త తొందరపడ్డాయి.

"నెమ్మదండీ" అంది భార్య.

ఎంత నెమ్మదిగా అని అడగబోయి, అభిప్రాయ సేకరణ ఎక్కడిదాకా పోతుందో గుర్తొచ్చి, అతను మారు మాట్లాడకుండా వేగం తగ్గించాడు.